రాత్రంతా అరుస్తూనే ఉన్న పిల్లి – కారణం ఏమై ఉంటుంది?

సందెపొద్దు (పాలకొల్లు) – సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మా పిల్లి పేరు చిట్టి. ఆడపిల్లి, రెండేళ్లు దాటాయి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. టీకాలు, నట్టల మందు వేయించాం. ఈమధ్యే ఊళ్లో పెంకుటిల్లు వదిలి పాలకొల్లులో మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. వచ్చిన దగ్గర్నుంచి చిట్టి గొంతు ఆగడం లేదు.

పగలంతా పడుకుంటుంది. మేం లైట్లు ఆర్పాక మొదలు. తెల్లవారుజామున మూడింటికి మరీ ఎక్కువ. వంటింటి వెనక తలుపు దగ్గర కూర్చుని, సాగదీసి సాగదీసి అరుస్తుంది. తర్వాత కాలు కాలిన పిల్లిలా అన్ని గదులూ తిరిగి మళ్లీ ఆ తలుపు దగ్గరికే వస్తుంది. ఏదైనా పెడితే రెండు ముద్దలు తిని మళ్లీ అదే అరుపు.

కింద ఇంటిగలావిడ మంచావిడే. వాళ్లబ్బాయి పదో తరగతి, పొద్దున్నే లేచి చదువుకోవాలి. "ఏదో ఒకటి చూడండమ్మా" అన్నారు నిన్న. అత్తయ్యగారేమో రాత్రిపూట పిల్లి ఏడవడం ఇంటికి మంచిది కాదంటున్నారు. మా బంధువు ఒకాయన గోనెసంచిలో కట్టి చించినాడ వంతెన అవతల వదిలేసి రమ్మన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. చిట్టిని వదిలే ప్రసక్తి లేదు. దానికేదో బాధ ఉంది, అది నాకు అంతుపట్టడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

నరసాపురం_రేవు – సోమవారం, రాత్రి 11:48

అమ్మా, మొదట ఎవరికైనా వచ్చే అనుమానం ఎదకు వచ్చిందేమోనని. మీది ఆపరేషన్ అయిన పిల్లి అన్నారు కాబట్టి పక్కన పెడదాం. కానీ ఈ ప్రశ్నతో ఇక్కడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పిల్లుల సంగతి అదే, అందుకని రాస్తున్నా. నాలుగు నుంచి ఆరు నెలల వయసులోనే ఆడపిల్లి ఎదకు రావచ్చు. నేల మీద దొర్లడం, వెనక భాగం పైకెత్తి తోక పక్కకు తిప్పడం, కనిపించిన ప్రతి కాలికీ రుద్దుకోవడం, పగలూ రాత్రీ గొంతెత్తి అరవడం. సుమారు వారం ఉంటుంది. జత కలవకపోతే రెండు మూడు వారాల్లో మళ్లీ వస్తుంది. చూసేవాళ్లు కడుపునొప్పి అనుకుని కంగారుపడతారు.

వెటర్నరీ_ఇంటర్నీ (గన్నవరం) – మంగళవారం, ఉదయం 6:35

నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాను. మాది రాజోలు. రేవుగారు చెప్పిన దానికి ఒక్క మాట కలుపుతాను. ఆపరేషన్ అయ్యాక కూడా పైన రాసిన లక్షణాలు కచ్చితంగా అలాగే, విడతలు విడతలుగా కనబడితే, లోపల అండాశయం ముక్క మిగిలిపోయి ఉండొచ్చు. అరుదే, కానీ జరుగుతుంది. సందెపొద్దు గారు రాసినదాన్ని బట్టి అలా అనిపించడం లేదు.

అక్కా, పెద్ద పిల్లులు ఒకదానితో ఒకటి మ్యావ్ అనుకోవడం చాలా తక్కువ. పిల్లలుగా ఉన్నప్పుడు తల్లి కోసం అంటాయి. పెద్దయ్యాక ఆ పిలుపును దాదాపుగా మనుషుల కోసమే దాచుకుంటాయి. అంటే చిట్టి మీతోనే ఏదో చెబుతోంది. అది ఏమిటో తెలియాలంటే ముందు ఇవి చెప్పండి.

బరువు తగ్గిందా? నీళ్లు ఎక్కువ తాగుతోందా? మూత్రం మామూలుగా పోస్తోందా, ఎక్కడ పోస్తోంది? వాంతులేమైనా ఉన్నాయా? ఊళ్లో ఉన్నప్పుడు బయట తిరిగేదా? తెల్లవారుజామున మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచేదెవరు? ఆ చివరి ప్రశ్న వింతగా ఉంటుంది గానీ తప్పకుండా జవాబివ్వండి.

సందెపొద్దు – మంగళవారం, ఉదయం 9:10

బరువు తగ్గలేదు తమ్ముడూ, కొంచెం పెరిగినట్టే ఉంది. నీళ్లు, మూత్రం మామూలే. ఇసుక తట్టలోనే పోస్తోంది. వాంతులు లేవు. ఊళ్లో దాని ఇష్టారాజ్యం. గడ్డిమేటు మీద ఎండకు పడుకునేది, కాలవగట్టు వెంట తిరిగేది, ఎలుకలు పట్టేది, రాత్రి పెరటి అరుగు మీదకొచ్చి పడుకునేది. ఇక్కడ బయటికి దారి లేదు. వెనక తలుపు తీస్తే ఇనప మెట్లు, కింద సందు.

అందరికన్నా ముందు లేచేది మామయ్యగారు. నాలుగింటికి లేచి కాఫీ కలుపుకుంటారు. అప్పుడు దానికి రెండు చెంచాల పాలు పోస్తారు. అది ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

పెరటి_జామ (అమలాపురం) – మంగళవారం, మధ్యాహ్నం 1:05

మా పిల్లి కూడా ఇంతే. మా పక్కింటివాళ్లు చిన్నపిల్లల జ్వరం సిరప్ నాలుగు చుక్కలు పోస్తే హాయిగా పడుకుంటుందంటున్నారు. పోయొచ్చా?

వేదిక_నిర్వాహకులు – మంగళవారం, మధ్యాహ్నం 1:11

వద్దమ్మా, దయచేసి ఒక్క చుక్క కూడా వద్దు. ఆ సిరప్‌లో ఉండేది పారాసెటమాల్. పిల్లి కాలేయానికి దాన్ని విరిచేసే శక్తి లేదు. రక్తం ప్రాణవాయువును మోసుకెళ్లలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకో నీలానికో మారతాయి, ముఖం వాస్తుంది, ప్రాణం పోతుంది. ఒక చిన్న మోతాదు చాలు. ఇప్పటికే పోసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కుక్కల గోమార్ల మందులు కూడా పిల్లికి వాడొద్దు. వాటిలో చాలావాటిలో పెర్మెత్రిన్ ఉంటుంది, అదీ పిల్లికి విషమే.

పెరటి_జామ – మంగళవారం, మధ్యాహ్నం 1:20

పోయలేదండి. సీసా తీసి లోపల పెట్టేశాను. చాలా థాంక్సండి.

ఆకివీడు_కుర్రాడు – మంగళవారం, రాత్రి 8:42

అన్నా, అక్కా, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా మగపిల్లి నిన్న సాయంత్రం నుంచి అరుస్తోంది. ఇసుక తట్టలోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, లేస్తుంది, మళ్లీ వెళ్తుంది. కింద నాక్కుంటూనే ఉంది. ఈరోజు తిండి ముట్టలేదు. అమ్మ విరేచనం గట్టిపడిందేమో, ఆముదం పట్టిద్దామంటోంది. అరుపు ఆగడానికి ఏం చేయాలి?

వెటర్నరీ_ఇంటర్నీ – మంగళవారం, రాత్రి 8:47

తమ్ముడూ, ఆముదం పట్టించకు. ఇసుకలో తడి ఉందో లేదో ఇప్పుడే వేలితో కెలికి చూసి చెప్పు.

ఆకివీడు_కుర్రాడు – మంగళవారం, రాత్రి 8:51

పొడిగా ఉంది. ఒక మూల రూపాయి బిళ్లంత తడి, కొంచెం ఎర్రగా ఉంది.

వెటర్నరీ_ఇంటర్నీ – మంగళవారం, రాత్రి 8:55

అది మలబద్ధకం కాదు. మూత్రం అడ్డుపడినట్టుంది. మగపిల్లికి మూత్రనాళం చాలా సన్నం, ఇసుక రేణువుల్లాంటి స్ఫటికాలో జిగురో చేరి మూసుకుపోతుంది. మూత్రం బయటికి పోకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. నిన్నటి నుంచి అంటున్నావు కాబట్టి రేపు పొద్దున దాకా ఆగకు. పొట్ట నొక్కి చూడకు, మూత్రసంచి నిండి ఉంటే పగిలే ప్రమాదం ఉంది. గాలి ఆడే బుట్టలో తువ్వాలు పరిచి పెట్టు, భీమవరం వెళ్లు. బయల్దేరే ముందు డాక్టరుకి ఫోన్ చేసి "మగపిల్లి, మూత్రం రావడం లేదు, కాథెటర్ వేయాల్సి రావచ్చు" అని అవే మాటలు చెప్పు. ఆ మాట వింటే రాత్రయినా తలుపు తీస్తారు.

భీమవరం_చెరువు – మంగళవారం, రాత్రి 8:58

తమ్ముడూ, నేను భీమవరంలోనే ఉన్నా. పెంపుడు జంతువులు చూసే డాక్టర్ల నంబర్లు మెసేజ్‌లో పంపాను. బండి లేకపోతే చెప్పు, ఉండి ఊరి దాకా ఎదురొస్తాను.

ఆకివీడు_కుర్రాడు – మంగళవారం, రాత్రి 9:04

నాన్న బండి తీస్తున్నారు. వెళ్తున్నాం.

లంకగట్టు (ముమ్మిడివరం వైపు) – మంగళవారం, రాత్రి 10:15

ఆయ్, ఆ కుర్రాడి పిల్లి బాగుండాలండి. కబురు కోసం చూస్తున్నాం.

సందెపొద్దు అమ్మాయిగారూ, మీ చిట్టి సంగతి చదువుతుంటే మా లంకలో జరిగింది గుర్తొచ్చిందండి. 2022 జూలైలో గోదారి వచ్చినప్పుడు ఇళ్లలోకి నీళ్లు చేరిపోయాయి. పశువుల్ని ముందే ఏటిగట్టు మీదకి తోలాం. పిల్లిని రొయ్యల బుట్టలో పెట్టి మూత కట్టి పడవెక్కించాం. గట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నన్నాళ్లు నోరెత్తలేదండి. భయంతో ముడుచుకు కూర్చుంది. నీళ్లు తీశాక ఇంటికి తెచ్చి వదిలామా, అప్పుడు మొదలైంది అరుపు. పుట్టి పెరిగిన ఇల్లే కదా, ఇప్పుడేమొచ్చిందని మాకు అర్థం కాలేదు.

పశువుల డాక్టరు గారు మందేయడానికి వచ్చినప్పుడు అడిగితే చెప్పారు. పిల్లికి ఇల్లంటే గోడలు కావంట, వాసనంట. బుగ్గల దగ్గర, నుదుటి దగ్గర గ్రంథులుంటాయంట. గుమ్మానికీ మంచం కోడుకీ ముఖం రుద్దిందంటే ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుందంట. వరద నీళ్లకి ఆ గుర్తులన్నీ పోయాయి, పైన ఒండ్రు మెత్తాం, బ్లీచింగ్ చల్లాం. పిల్లి లెక్కలో అది వేరే ఇల్లు. అలాంటప్పుడు అరవక ఏం చేస్తుందండి?

ఆయన చెప్పినట్టు చేశాం. మెత్తటి పాతగుడ్డ దాని బుగ్గలకి రుద్ది, అదే గుడ్డ అది తిరిగే ఎత్తులో గుమ్మాలకీ గోడ మూలలకీ రుద్దాం. అది పడుకునే గోతం మాత్రం ఉతకలేదు. కొన్నాళ్లకి సర్దుకుంది. మీరు ఊళ్లో ఇంటి నుంచి దాని పాత గుడ్డ ఏదైనా తెచ్చారా, అంతా ఉతికి సర్దేశారా?

సందెపొద్దు – మంగళవారం, రాత్రి 10:40

బాబాయ్ గారూ, అంతా ఉతికేశాం. కొత్త ఇంట్లోకి మురికి గుడ్డలెందుకని దాని బొంత ఊళ్లోనే వదిలేశాం. రేపు మావారు పొలం పని మీద వెళ్తున్నారు, తెమ్మంటాను.

కాలవగట్టు_టీచర్ (ఆచంట) – మంగళవారం, రాత్రి 10:58

అమ్మా, అత్తయ్యగారి భయం గురించి రెండు మాటలు. మా అమ్మమ్మ కూడా అలాగే అనేవారు, పెద్దవాళ్ల మాటను తీసిపారేయొద్దు. రాత్రి వినబడే ఆ ఏడుపులో చాలా భాగం జత కోసం పిలిచే ఆడపిల్లులది, వాటి కోసం కొట్లాడుకునే గండుపిల్లులది. పగటి పొద్దు పెరిగే కాలంలో, అంటే మనకు సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఈ అరుపులు ఎక్కువవుతాయి. ఇళ్లలో రాత్రిళ్లు లైట్లు వెలిగే చోట్ల ఏడాది పొడవునా ఉండొచ్చు. ఈ సంగతి వివరంగా చెబితే పెద్దావిడ అర్థం చేసుకుంటారు. పిల్లి ఒళ్లో పడుకున్నప్పుడు వాళ్ల చేతే నిమిరిస్తే ఇంకా మంచిది.

ఇంకో విషయం. 2009లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కేరెన్ మెక్‌కోంబ్ అనే ఆవిడ, ఆవిడ బృందం పిల్లుల గుర్రుమనే శబ్దాన్ని రికార్డు చేసి పరిశీలించారు. తిండి కోసం మనిషిని లేపేటప్పుడు చేసే గుర్రులో సన్నటి ఏడుపు లాంటి స్వరం కలిసి ఉంటుందని తేల్చారు. పిల్లిని ఎప్పుడూ పెంచనివాళ్లకు వినిపించినా, మామూలు గుర్రు కన్నా ఇదే తొందరపెడుతున్నట్టుగా ఉందన్నారట. మీ మామయ్యగారు నాలుగింటికి లేచి పాలు పోస్తున్నారంటే ఆశ్చర్యం లేదు. మన మనసు ఆ స్వరానికి కరిగిపోతుంది.

మీరు మూడింటికి ఒక్కసారి లేచి, లైటు వేయకుండా, వెనక తలుపు కన్నంలోంచి బయటికి చూడండి. పిల్లి ఒక తలుపునే పట్టుకుని అరుస్తోందంటే తలుపు అవతల ఏదో ఉండి ఉండాలి.

వెటర్నరీ_ఇంటర్నీ – బుధవారం, ఉదయం 6:20

టీచర్ గారి సలహా చాలా మంచిది. తప్పకుండా చూడండి అక్కా.

ఆకివీడు తమ్ముడి నుంచి కబురేమైనా ఉందా?

భీమవరం_చెరువు – బుధవారం, ఉదయం 7:02

నేను రాత్రి వాళ్లతోనే ఉన్నాను. కాథెటర్ వేసి మూత్రం తీశారు, ఎర్రగా వచ్చింది. సెలైన్ ఎక్కుతోంది. డాక్టరు గారు పొద్దునకి వాయిదా వేసి ఉంటే చెప్పలేకపోయేవాణ్ణన్నారు. కుర్రాడు రాత్రంతా బల్ల పక్కనే నిలబడ్డాడు. ఇప్పుడే ఇంటికి పంపి పడుకోమన్నాను.

లంకగట్టు – బుధవారం, ఉదయం 7:15

గోదారి తల్లి చల్లగా చూసింది. చెరువుగారూ, మీది పెద్ద మనసండి.

యానాం_గాలి – బుధవారం, ఉదయం 10:30

ముసలి పిల్లులున్నవాళ్ల కోసం మా గౌరి సంగతి రాస్తాను. దానికి పన్నెండేళ్లు. ఉన్నట్టుండి రాత్రిళ్లు అరవడం మొదలుపెట్టింది. తిండి బాగా తినేది, మునుపటికన్నా రెట్టింపు. కానీ వెన్నెముక చేతికి తగిలేంత చిక్కిపోయింది. ఆకలి బాగానే ఉందిగా, జబ్బేమీ ఉండదని అందరూ అన్నారు. రక్తపరీక్షలో థైరాయిడ్ ఎక్కువ ఉందని తేలింది. పదేళ్లు దాటిన పిల్లుల్లో ఇది బాగా కనిపించే జబ్బేనట. ఎంత తిన్నా ఒంటపట్టదు, గుండె దడదడా కొట్టుకుంటుంది, ఒకచోట నిలవనివ్వదు. మాత్రలు మొదలుపెట్టాక అరుపు తగ్గింది, ఒళ్లూ చేసింది. ఆ మందు మనుషులు వాడేదే అయినా మోతాదు డాక్టరు చెప్పాలి, మధ్యమధ్యలో రక్తం చూపిస్తూ ఉండాలి.

వెటర్నరీ_ఇంటర్నీ – బుధవారం, ఉదయం 10:52

బాగా చెప్పారు. ముసలి పిల్లి రాత్రి అరుస్తుంటే థైరాయిడ్‌తో పాటు మూత్రపిండాలు, బీపీ కూడా చూపించాలి. బీపీ బాగా పెరిగితే కంటి వెనక పొర ఊడిపోయి రాత్రికి రాత్రే చూపు పోతుంది. కంటిపాపలు వెలుతురులో కూడా పెద్దవిగానే ఉండి, గోడలకి గుద్దుకుంటూ అరుస్తోందంటే ఆ రోజే తీసుకెళ్లండి. వయసు వల్ల మతిమరుపు వచ్చినవి కూడా ఉంటాయి. సొంత ఇంట్లోనే దారి తెలియక మూలలో నిలబడి పిలుస్తాయి. వాటికి ఒక చిన్న బెడ్‌లైటు, నీళ్లూ ఇసుక తట్టా దగ్గర్లో, సామాన్లు చోటు మార్చకుండా ఉంచడం పెద్ద సాయం. అలాంటప్పుడు మనం ఎక్కడున్నామో తెలిసేలా గొంతు వినిపించాలి. పట్టించుకోకుండా వదిలేయడం పనికిరాదు.

చెవుడు కూడా ఒక కారణం. నీలి కళ్లున్న తెల్లపిల్లులు చాలా వాటికి పుట్టుకతోనే వినబడదు. తమ గొంతు తమకే తెలియదు కాబట్టి గట్టిగా అరుస్తాయి.

సందెపొద్దు – గురువారం, ఉదయం 5:40

టీచర్ గారూ, చూశాను. మూడు దాటాక ఇనప మెట్ల మీద చప్పుడైంది. పెద్ద గండుపిల్లి, బూడిదరంగుది, ఒక చెవి చిరిగిపోయి ఉంది. తిన్నగా మా తలుపు దగ్గరికొచ్చి వాసన చూసి, వెనక్కి తిరిగి తోక పైకెత్తి వణికించి తలుపు మీద చిమ్మింది. లోపల చిట్టి ఒళ్లంతా ఉబ్బించుకుని, చెవులు వెనక్కి పెట్టి అరుస్తోంది. పొద్దున తలుపు తీసి ముక్కు పెట్టి చూస్తే ఘాటు వాసన కొట్టింది. ఇన్నాళ్లూ ఆ వాసన సందులో కాలువదనుకున్నాం.

దాని బొంత కూడా వచ్చేసింది. మావారు గడ్డిమేటు మీద నుంచి ఎత్తుకొచ్చారు. కింద పెట్టగానే వాసన చూసి, ముందుకాళ్లతో చాలాసేపు పిసికి, దాని మీదే పడుకుంది.

కాలవగట్టు_టీచర్ – గురువారం, ఉదయం 6:05

దొరికింది. పాపం, పరాయి ఊరు, పరాయి ఇల్లు, పైగా తలుపు మీద ఇంకొకడి గుర్తు. భయపడుతోందమ్మా మీ చిట్టి.

వెటర్నరీ_ఇంటర్నీ – గురువారం, ఉదయం 6:30

ఇప్పుడు మొత్తం అర్థమవుతోంది. అక్కా, దీంట్లో మూడు విషయాలు కలిసిపోయాయి, విడివిడిగా సరిచేయాలి.

మొదట ఆ తలుపు. అక్కడ ఫినాయిల్ పోయొద్దు. ఫినాయిల్‌లో ఉండే ఫీనాల్స్ పిల్లి పాదాలకంటి, అది నాక్కుంటే విషమవుతాయి. అమ్మోనియా ఉన్న క్లీనర్లూ వద్దు, వాటి వాసన మూత్రం లాగే ఉండి గండుపిల్లిని మళ్లీ రప్పిస్తుంది. ఎంజైమ్ ఉన్న బట్టల సబ్బుపొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి తలుపుకి రెండువైపులా, మెట్లూ కడగండి, ఆరాక మళ్లీ ఒకసారి కడగండి. తలుపు కింద సందు మూసేయండి. మెట్ల మొదట్లో ఒక జల్లెడ తలుపు పెట్టించగలరేమో ఇంటిగలావిడని అడగండి. సందులో చేప వ్యర్థాలు, ఎంగిలి మెతుకులు లేకుండా చూస్తే ఆ గండుపిల్లి రాకడ తగ్గుతుంది. దానికీ ఆపరేషన్ చేయించగలిగితే చిమ్మడం, కొట్లాటలు చాలావరకు తగ్గిపోతాయి.

రెండోది పని లేకపోవడం. కాలవగట్టంతా తనదనుకున్న పిల్లి మూడు గదుల్లో పడింది. పిల్లులు సంధ్యవేళల్లో, తెల్లవారుజామున చురుగ్గా ఉండే జీవులు. మీరు పడుకునే ముందు దాన్ని బాగా ఉరికించి, వేటాడించి, ఆ తర్వాత కడుపు నిండా పెట్టండి. వేట, తిండి, నాకుడు, నిద్ర. పిల్లి ఒంట్లో గడియారం ఆ వరసలోనే తిరుగుతుంది.

మూడోది నాలుగింటి పాలు. మామయ్యగారి ప్రేమను తప్పుపట్టడం లేదు. నాలుగింటికి పాలు వస్తాయని తెలిసిన పిల్లి మూడింటికే పిలవడం మొదలుపెడుతుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా, విరేచనాలు పట్టుకుంటాయి. ఆయన లేవగానే కాకుండా, కాఫీ తాగి, పేపరు చదివి, అది నోరు మూసుకుని కూర్చున్న క్షణంలో గిన్నె పెట్టమనండి. పాలకు బదులు వేరే ఏదైనా పెట్టొచ్చు. ముందుగానే చెబుతున్నా, మొదటి కొన్ని రాత్రులు అరుపు తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకుముందు పనిచేసిన పిలుపు ఇప్పుడెందుకు పనిచేయడం లేదని ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. అప్పుడు ఓపిక పోయి ఒక్కరు లేచినా, ఇంత అరిస్తేనే లేస్తారని నేర్చుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. కొట్టడం, నీళ్లు చిమ్మడం మాత్రం వద్దే వద్దు. భయంతో అరిచే పిల్లిని ఇంకా భయపెడితే అరుపు ఆగదు.

కొత్తింటికి అలవాటుపడేదాకా, కనీసం రెండు మూడు వారాలు బయటికి వదలకండి. ఊరి దారి పట్టుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

నరసాపురం_రేవు – గురువారం, ఉదయం 8:15

ఆటకి ఏమీ కొననక్కర్లేదమ్మా. కొబ్బరి ఈనెకి పురికొస కట్టి చివర కోడి ఈక ముడేయండి. నేల మీద పాకించండి, తలుపు చాటుకి లాగండి, ఆపి మళ్లీ కదపండి. ముఖం మీద ఊపితే విసుక్కుంటుంది, దూరంగా పారిపోతున్నట్టు లాగితేనే వెంటపడుతుంది. చివర ఒకసారి దొరకనివ్వాలి. ఆట అయ్యాక ఈనె, పురికొస దాచేయండి, పురికొస మింగితే పేగులకి చుట్టుకుంటుంది. ఎండిన కొబ్బరి డొక్క సందుల్లో ఉడికించిన చికెన్ ముక్కలు దూర్చి పడేస్తే మా పిల్లి అరగంట కూర్చుంటుంది దాంతో.

పెరటి_జామ – గురువారం, ఉదయం 9:00

తిండి గురించి ఎవరైనా చెప్పండి. మేం పెరుగన్నం, అప్పుడప్పుడు ఎండుచేప పెడతాం. అందుకే ఆకలితో అరుస్తోందేమో.

వెటర్నరీ_ఇంటర్నీ – గురువారం, ఉదయం 9:40

అయ్యుండొచ్చమ్మా. పిల్లి అచ్చంగా మాంసాహారి. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో చాలినంత తయారవదు, మాంసం చేపల నుంచే రావాలి. అది లేకపోతే గుండె కండరం బలహీనపడుతుంది, చూపూ దెబ్బతింటుంది. పెరుగన్నంతో కడుపు నిండినట్టు కనిపించినా ఒంటికి కావలసింది అందదు. చికెన్ షాపులో గుండెకాయలు, కందనకాయలు చౌకగా ఇస్తారు. ఉప్పూ కారం, ఉల్లి వెల్లుల్లి లేకుండా ఉడికించి, ఉడికిన నీళ్లతో సహా పెట్టండి, టారిన్ ఆ నీళ్లలోకి దిగుతుంది. కార్జం కొద్దిగానే, రోజూ వద్దు. పరిగెలు, మెత్తళ్లు ఉడికించి పెట్టొచ్చు. పచ్చి చేప వద్దు, కొన్ని పచ్చి చేపలు విటమిన్ బి1ను పాడుచేస్తాయి. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ, మానేయడం మంచిది. ఇంటి తిండి ఒక్కదానితో అన్నీ సమకూరడం కష్టం కాబట్టి, పిల్లుల కోసం తయారుచేసే ఫుడ్ కూడా రోజూ కొంత కలిపితే నిశ్చింత.

సందెపొద్దు – గురువారం, రాత్రి 9:30

వంతెన అవతల వదిలేయమన్న మా బంధువు ఈరోజు మళ్లీ ఫోన్ చేశారు. ఆయనకి ఏం చెప్పాలి?

వేదిక_నిర్వాహకులు – గురువారం, రాత్రి 9:44

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం, పెంచుకున్న జీవిని ఆకలిదప్పులతో అలమటించేలా వదిలేయడం నేరమని చెప్పండి. ఇంట్లో పెరిగిన పిల్లిని తెలియని చోట దింపితే కుక్కల బారినో బండ్ల కిందో పడుతుందని కూడా చెప్పండి. మీరు కారణం కనుక్కున్నారు, దానికి మందు మొదలుపెట్టారు. ధైర్యంగా ఉండండి.

ఆకివీడు_కుర్రాడు – శనివారం, సాయంత్రం 5:10

మా బుజ్జిగాణ్ణి ఇంటికి తెచ్చాం. మూత్రం వాడంతట వాడే పోస్తున్నాడు. ఇది మళ్లీ రావచ్చన్నారు డాక్టరు గారు. నీళ్లు ఎక్కువ లోపలికి వెళ్లాలట, పొడి ఫుడ్ ఒక్కటే పెట్టకూడదట. ఇంట్లో నాలుగు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీళ్లు పెట్టాం, చికెన్ ఉడికిన నీళ్లు కూడా ఇస్తున్నాం. రోజూ ఇసుక కెలికి తడి ఎంతుందో చూస్తున్నాను. అమ్మ మీ అందరికీ నమస్కారం చెప్పమంది. భీమవరం చెరువు అన్నయ్య పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు.

సందెపొద్దు – ఆ తర్వాతి వారం, ఆదివారం, ఉదయం 8:20

ఇంటర్నీ తమ్ముడు అన్నట్టే మొదటి రాత్రులు చాలా కష్టంగా గడిచాయి. మామయ్యగారు మంచం మీద కూర్చుని, తలుపు వైపు చూస్తూ, లేవకుండా బిగబట్టుకున్నారు. ఇంటిగలావిడకి మొత్తం చెప్పాను. "గండుపిల్లి మా తులసికోట మీద కూడా చిమ్ముతోంది, నేనే మెట్లకి జల్లెడ తలుపు పెట్టిస్తాను" అని కార్పెంటర్ని పిలిపించారు. వాళ్లబ్బాయి చదువు అయ్యాక రాత్రి పదింటికి పైకొచ్చి ఈనెతో ఆడిస్తున్నాడు, ఆట అవగానే తిండి.

ఇప్పుడు మూడింటి అరుపు లేదు. అయిదు దాటాక కొద్దిగా మ్యావ్ మంటుంది, మామయ్యగారు పేపరు మడిచే చప్పుడు వినగానే ఊరుకుని గిన్నె దగ్గర కూర్చుంటుంది. వీధి గదిలో కిటికీ దగ్గర బల్ల వేశాం, బొంత దాని మీదే. పగలు కూడా మెలకువగా ఉండి కొబ్బరిచెట్టు మీది ఉడతల్ని చూస్తోంది. అత్తయ్యగారు చిట్టి బుగ్గలకి గుడ్డ రుద్ది గుమ్మాలకి రాసే పని తన చేతుల్లోకి తీసుకున్నారు.

లంకగట్టు – ఆదివారం, ఉదయం 9:00

ఆయ్, ప్రాణం లేచొచ్చిందండి అమ్మాయిగారూ.

వెటర్నరీ_ఇంటర్నీ – ఆదివారం, ఉదయం 9:25

చాలా సంతోషం అక్కా. బరువు మాత్రం నెలకోసారి చూడండి. మీరు పిల్లిని ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత ఒక్కరే ఎక్కి తీసేస్తే సరిపోతుంది. పెరిగిందన్నారు కాబట్టి ఆటతో పాటు తిండి కొలతా చూసుకోండి.

యానాం_గాలి – ఆదివారం, సాయంత్రం 4:40

మా చెల్లెలు నాలుగు నెలల ఆడ పిల్లికూనను తెచ్చుకుంది. ఈ చర్చంతా చదివి భయపడుతోంది. ఆపరేషన్‌కి ఎన్నాళ్లు ఆగాలి?

వెటర్నరీ_ఇంటర్నీ – ఆదివారం, సాయంత్రం 5:02

ఆగక్కర్లేదండి. టీకాలు, నట్టల మందు పూర్తి చేసి, అయిదో నెల దాటకుండా డాక్టరుతో తేదీ ఖాయం చేసుకోమనండి. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే పెద్దయ్యాక పాలగ్రంథుల క్యాన్సర్ వచ్చే అవకాశం కూడా బాగా తగ్గుతుంది. ఈలోపు తలుపులు, కిటికీలు జాగ్రత్త. ఒక్క రాత్రి బయటికి దాటినా సుమారు రెండు నెలల్లో పిల్లలు పెడుతుంది.